మాట తెగనంత నడక

పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో మా అత్తగారూ నేనూ పోట్లాడుకున్నది లేదు. పోట్లాడుకోవాలన్నా మాటలు కావాలి కదా! “అన్నం అయిందా?” “అయిందత్తయ్యా.” “పాలతను వచ్చాడా?” “వచ్చాడండి.” రోజంతటికీ మా సంభాషణ ఇంతే. అలాంటి మా ఇద్దర్నీ రోజూ సాయంత్రం పక్కపక్కన నడిపించి, నడిచినంతసేపూ మాట్లాడుకోమని ఆజ్ఞాపించినవాడు విజయవాడలో ఒక గుండె డాక్టరు. ఆయనకి తెలియదు పాపం, ఎవరికి ఏం చెప్పాడో.

మాది నూజివీడుకీ ముసునూరుకీ మధ్యలో ఊరు. ఇంటి పెరడు దాటితే మామిడి తోటలే. అత్తగారు ఊరి ఎలిమెంటరీ స్కూల్లోనే టీచరుగా చేసి అక్కడే రిటైరయ్యారు. ఇవాళ మీసాలు తిప్పుకుని బుల్లెట్ల మీద తిరుగుతున్న మగవాళ్ళలో సగంమంది చెవులు ఒకప్పుడు ఆవిడ చేతిలో ఎర్రబడ్డవే. చర్చిలో పాటల బృందానికి కూడా ఆవిడే పెద్ద. ఈస్టర్ రోజు తెల్లవారుతుండగా మా సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగింపుగా బయల్దేరుతుంది. వీధులన్నీ తిరిగి, తోటల మధ్య మెరక ఎక్కి, పైనున్న సమాధుల తోటలో ఆరాధన చేసుకుంటుంది. దారి పొడుగునా ముందు అత్తగారు ఒక చరణం ఎత్తుకోవాలి, వెనక జనం అందుకోవాలి. ఆవిడ గొంతు లేని ఈస్టర్‌ని నేను చూడలేదు. ఊళ్ళో చాలామంది పుట్టాక చూడలేదు.

ఆ సంవత్సరం తోటలు పూత మీదున్నప్పుడు ఒక పొద్దున ఆవిడకి దవడ లాగింది. అంత చలిలో చెమటలు పట్టాయి. “గ్యాసు” అన్నారు ఆవిడ. మా వైపు గుండెకి ఏం వచ్చినా ముందు దాని పేరు గ్యాసే. ఒక సోడా తాగారు. ఇంకోటి తెమ్మన్నారు. మా ఆయన సోడా తేవటం మానేసి కారు తీశాడు. ఆయన చేసిన మంచి పనుల్లో దాన్ని నేను మొదట చెప్తాను. విజయవాడ తీసుకెళ్ళిన రోజే రక్తనాళంలో స్టెంటు వేశారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. “ఇంక మంచం మీద పడుకుంటే సరిపోదండి. నడవాలి. మొదట ఇంట్లో, తర్వాత వీధి చివరిదాకా, అలా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. అన్నం తినగానే వద్దు, ఎండలో వద్దు. బరువులెత్తటం ఇప్పట్లో లేదు.”

అత్తగారు అన్నీ వినేసి, “ఈస్టర్‌కి పాడుకుంటూ మెరక ఎక్కాలండి నేను” అన్నారు. అడిగినట్టు లేదు. పిల్లవాడికి హోంవర్క్ ఇచ్చినట్టుంది.

డాక్టరు నవ్వాడు. “ఎక్కటం ఒక పని, పాడటం ఒక పని. రెండూ కలిస్తే గుండెకి రెండింతల చాకిరీ. ముందు చదును నేల మీద మాట్లాడుతూ నడవండి. మాట మధ్యలో తెగుతోందంటే జోరెక్కువైందని గుర్తు, తగ్గించుకోండి. ఛాతీ బిగిసినా, కళ్ళు తిరిగినా ఎక్కడుంటే అక్కడే కూర్చుని మాత్ర నాలిక కింద పెట్టుకోండి. తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి రండి. ఆగటానికి మాత్రం మొహమాటపడకండి.”

కారులో కూర్చున్నాక ఆవిడ అన్న మొదటి మాట ఇది: “నేనా, నడిరోడ్డు మీద చతికిలబడటమా! బాగానే ఉంది.”

నా గుండె అప్పుడు జారింది. ఆవిడ గుండె ఎంత గట్టిదో నాకు తెలియదు గానీ, పంతం మాత్రం గానుగ రోలంత గట్టిది. ఈస్టర్ రోజు ఊరంతా వెనక నడుస్తుండగా మెరక మధ్యలో గుండె బిగుసుకుంటే ఈవిడ ఆగుతుందా? ఆగదు. పళ్ళు బిగించి పాడుతూనే ఉంటుంది. ఆ భయం అక్కణ్ణించి ఈస్టర్ దాకా నాతోనే పడుకుంది, నాతోనే లేచింది.

నడక మొదలైంది. ముందు వరండాలో, తర్వాత వీధిలో. నేను నూజివీడులో స్కూల్లో లెక్కలు చెప్పి సాయంత్రం స్కూటీ మీద వచ్చేసరికి ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో తయారుగా ఉండేవారు. బయల్దేరేవాళ్ళం. ఇద్దరి నోళ్ళకీ తాళాలు.

“మాట్లాడండత్తయ్యా.”

“ఏం మాట్లాడను?”

“ఏదో ఒకటి. మీకు ఆయాసం వస్తోందో లేదో నాకెలా తెలుస్తుంది?”

ఆవిడ కాసేపు ఆలోచించారు. తర్వాత, “నిన్న పులుసులో బెల్లం ఎందుకేశావు?” అని మొదలుపెట్టారు. అక్కణ్ణించి పెళ్ళినాటి నా జడ దగ్గరికి వెళ్ళారు. మా పాపకి నేను చేస్తున్న గారాబం దగ్గరికి వచ్చారు. మా పుట్టింటివాళ్ళ కాఫీ దగ్గర బాగా ఆగారు. ఇన్నేళ్ళుగా నా మీద అంత సరుకు దాచిపెట్టారని నాకు తెలియనే తెలియదు. నాది ముక్కు మీద కోపం. మామూలప్పుడైతే పుట్టింటి మాటెత్తిన చోటే తేల్చుకునేదాన్ని. కానీ నేను వింటున్నది తిట్లని కాదు, తిట్ల మధ్య ఊపిరిని. “మీ అమ్మ డికాషను...” అని ఆగి గాలి పీల్చుకున్నారంటే నేను వెంటనే అడుగు చిన్నది చేసేదాన్ని. నాతోపాటు ఆవిడా తగ్గేవారు. ఆయాసం లేకుండా తిట్టారంటే ఆ పూటకి గుండె బాగున్నట్టే. అత్త తిట్లకి సంతోషించిన కోడల్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నేనేమో!

అసలు చిక్కు మా ఊరి మర్యాదతో వచ్చింది. పెద్దవాళ్ళు నడిచి వెళ్తుంటే బండి ఆపకుండా పోవటం మా దగ్గర తప్పు. ఆపాక ఎక్కకపోవటం ఇంకా పెద్ద తప్పు, కోపమొచ్చిందనుకుంటారు. పైగా ఈవిడ అందరికీ టీచరు, అందులోనూ గుండె జబ్బు మనిషి. వీధి మలుపు తిరగ్గానే ఒక బండి ఆగేది. “అయ్యో, నడుస్తున్నారేంటండీ టీచరుగారూ! ఎక్కండెక్కండి.” మొదటిరోజు ఆవిడ మొహమాటానికి ఎక్కేశారు. నేను వెనకాల నడుచుకుంటూ వచ్చాను. రెండోరోజు ఆటో. మరుసటి రోజు తోటకి ఎరువు తోలి వస్తున్న ట్రాక్టరు. ఇంజను పక్కన మడ్గార్డు మీద మహారాణిలా కూర్చుని ఇంటి ముందు దిగారు.

“నడక ఎవరు చేశారత్తయ్యా, మీరా, ట్రాక్టరా?” అన్నాను.

“ప్రేమగా అడిగితే కాదంటానా? వాళ్ళు నొచ్చుకోరూ?”

ఇంక లాభం లేదని కాదనే పని నేను తీసుకున్నాను. బండి ఆగితే చాలు, “వద్దండీ, నడవాలి” అని అడ్డం పడేదాన్ని. లోకులు కాకులంటారు కదా. వారం తిరక్కుండా ఊరు కావుకావుమంది. కోడలికి స్కూటీ, అత్తకి కాలినడకనట. గుండె ఆపరేషనైన మనిషిని ఊరంతా తిప్పుతోందట. బండెక్కుతానంటే ఎక్కనివ్వట్లేదట. ఈ కథ చిలవలూ పలవలూ కట్టుకుని మైలవరంలో మా అమ్మ దాకా పోయింది. అమ్మ ఫోన్ చేసి ఏడుపు గొంతుతో, “ఏంటే, పెద్దావిణ్ణి అలా రాచిరంపాన పెడుతున్నావంట! నేను పెంచిన పెంపకం ఇదేనా?” అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేసి తిన్నగా అత్తగారి గదిలోకి వెళ్ళాను. “రేపట్నించి నేను రానండి. మీరూ మీ శిష్యులూ ట్రాక్టర్లెక్కి ఊరేగండి. నాకెందుకొచ్చిన అప్రతిష్ఠ!” అనేసి వచ్చేశాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. రెండు సాయంత్రాలు ఆవిడ ఒక్కరే వరండాలో అటూ ఇటూ నడిచారు. నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు ప్రకటనలు చదువుతున్నారు. అత్తగారు లేచి నిలబడ్డారు. “నాదొక ప్రకటనుందయ్యగారూ” అన్నారు. చర్చిలో ఆవిణ్ణి కూర్చోమనగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

“పిల్లలూ” అని మొదలుపెట్టారు. పిల్లలంటే తల నెరిసినవాళ్ళు కూడా. “నన్ను నడవమన్నది డాక్టరు. నడిపిస్తున్నది నా కోడలు. ఉద్యోగం చేసి అలిసొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నాతో వస్తోంది. మందులెంత ముఖ్యమో నాకు ఈ నడకా అంతే ముఖ్యం. మీరు బండెక్కించిన రోజల్లా నా మందు ఒక పూట పారబోసినట్టే. నా మీద అభిమానముంటే దణ్ణం పెట్టి మీ దారిన మీరు పోండి. ఇంకోమాట. ఇంకెవరైనా నా కోడల్ని ఏమైనా అన్నారని నా చెవిన పడిందా, వాళ్ళకి మూడో తరగతిలో వచ్చిన మార్కులు ఇక్కడే నిలబడి చదువుతాను. నాకన్నీ గుర్తున్నాయి.”

చర్చంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నా కోడలు, నా కోడలు అని అంతమందిలో అన్నారు. ఇంట్లో నన్నెప్పుడూ ఆ మాటతో పిలిచినట్టు నాకు గుర్తులేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రం ఆవిడకంటే ముందు చెప్పులేసుకున్నది నేనే.

అప్పట్నించి బండ్లు ఆగటం మానలేదు గానీ, ఆగినవాళ్ళు దిగేవాళ్ళు. ఇంజను ఆపేసి బండి తోసుకుంటూ ఆవిడ పక్కనే కొంతదూరం నడిచేవాళ్ళు. అదొక కొత్త మర్యాద పుట్టింది మా ఊళ్ళో. అందరూ ఒకేసారి పలకరిస్తుంటే ఆవిడే, “ఒరేయ్, నన్ను అంత మాట్లాడించకండ్రా, ఊపిరి మిగల్చండి” అని కసిరేవారు.

తిట్లు అయిపోయాక ఆవిడ కబుర్లలోకి దిగారు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని తోటలకడ్డంపడి బడికి వెళ్ళటం. మామగారు పోయాక తోటని ఒక్కతే చూసుకోవటం, కొనుగోలుదార్లు ఆడమనిషి కదా అని తేలిగ్గా మాట్లాడితే చెవి మెలేసినంత పని చెయ్యటం. నేను కాపురానికి రాకముందే మామగారు పోయారు. ఆయన గురించి మాత్రం రెండు మాటలకంటే ఎక్కువ చెప్పేవారు కాదు. నేనూ నా స్కూలు సంగతులు చెప్పటం మొదలుపెట్టాను. నడక సాగేకొద్దీ పూత పిందైంది, పిందెలు కాయలయ్యాయి. మేము కల్వర్టు దాటాం, తోట గేటు దాకా వచ్చాం. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఆఖర్న కాళ్ళు జోరుగా వేసి గబుక్కున కుర్చీలో కూలబడేవారు. అలా కాదు, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ ఆగాలని చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది.

ఒకరోజు తోటలో కాయలు కోసే చిక్కం గెడ చెట్టుకి ఆనించి ఉంది. నేను అటు తిరిగి ఇటు తిరిగేలోగా ఆవిడ దాన్నెత్తేశారు. రెండు చేతులూ తలపైకి, తల వెనక్కి, ఊపిరి బిగబట్టి, కొమ్మ చివర రసం కాయ కోసం సర్దుతున్నారు. నేను పరుగెత్తుకెళ్ళి గెడ లాక్కున్నాను.

“నీడలో నిలబడి కాయ కోయటం కూడా ఒక పనేనా?” అన్నారు. తోటల్లో పుట్టి పెరిగిన ప్రతివాళ్ళూ అలాగే అనుకుంటారు. నడిస్తే ప్రమాదం, కాయ కోస్తే కాలక్షేపం.

“ఊపిరి బిగబట్టి అంత పొడుగు గెడ పైకెత్తితే బరువెత్తినట్టేనండి. డాక్టరుని అడగండి కావాలంటే.”

అడిగారు కూడా, ఫోన్ చేసి. ఆయన ఇప్పట్లో వద్దన్నాడు. ఆవిడ సరేనని ఫోన్ పెట్టేశారు. తర్వాత గెడ జోలికి వెళ్ళలేదు. నాకు ఆశ్చర్యమేసింది. ఊళ్ళో ఎవరి మాటా వినని మనిషి తన ఒంటి మాట వినటం నేర్చుకుంటున్నారు. ఆ వయసులో కొత్త పాఠం మొదలుపెట్టి, వెనక బెంచీ పిల్లలా గొణుక్కుంటూనే అయినా, రోజూ క్లాసుకి హాజరవటం చిన్న విషయం కాదు. పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని కనక నాకు తెలుసు.

ఈస్టర్ ఇంకా కొన్నాళ్ళుందనగా డాక్టరు పరీక్షలన్నీ చేసి, మెరక ఎక్కి చూడొచ్చన్నాడు. సగం జోరుతో, మధ్యలో ఆగుతూ, పాట లేకుండా. ఎక్కాం. బాగానే ఎక్కారు. పైకెళ్ళాక నడుం మీద చేతులు పెట్టుకుని ఊరినంతా చూస్తూ, “ఈస్టర్‌కి పాడేస్తాను” అన్నారు.

“కిందంతా పాడండి. మెరక మీద ఇంకొకళ్ళని అందుకోమనండి.”

“చూద్దాం.”

ఆ చూద్దాం అన్న మాట నాకు నచ్చలేదు. బళ్ళో పిల్లలకి కూడా, చెయ్యదలుచుకోని పనికి ఆవిడ అదే చెప్పేవారట.

ఈస్టర్ వచ్చింది. తెల్ల చీర కట్టుకుని, మాత్రల డబ్బీ నా చేతికిచ్చి, ఆవిడ ఎప్పటిలాగే ముందు వరసలో నిలబడ్డారు. నేను పక్కనే. పాట ఎత్తుకున్నారు. జబ్బు చేసిన గొంతులా లేదు. వీధుల్లో తలుపులు తెరుచుకున్నాయి, హిందువుల ఇళ్ళవాళ్ళు కూడా అరుగుల మీదకొచ్చి నిలబడ్డారు. అందరూ పాట వింటున్నారు, నేను ఊపిరి వింటున్నాను. చదును దారంతా ఒక్కచోటా తెగలేదు. తూర్పున వెలుగు వస్తుండగా మెరక మొదలైంది.

ఆవిడ పాట ఆపలేదు. ఇంకొకరికి ఇవ్వనూలేదు. ఎక్కుతూనే మొదటి చరణం పాడేశారు. రెండోది ఎత్తుకున్నారు. ఆ పాటలో ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఇన్నేళ్ళుగా విని నాకు కంఠతా వచ్చు. ఎప్పుడూ తీసుకోనిచోట, పదం నడిమధ్యలో, ఒక్కసారి గాలి పీల్చుకున్నారు. వెనక అంత జనం. ముందు ఆవిడ పంతం. చెయ్యి పట్టుకుని ఆపేద్దామా, అరుద్దామా అనుకుంటున్నాను.

ఆవిడ ఆగారు. బళ్ళో గోల ఆపటానికి ఎత్తినట్టు కుడిచెయ్యి పైకెత్తారు. పాట ముందు వరసలో ఆగిపోయింది. సంగతి తెలియని వెనకవాళ్ళు పాడుతూనే వచ్చి ముందువాళ్ళని గుద్దుకున్నారు. ఆవిడ దారి పక్కకి నడిచి, తోట గట్టు మీద, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చీరతో మట్టిలోనే కూర్చున్నారు. అయ్యగారు పరుగెత్తుకొచ్చారు. మా ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

“గుండె బిగిసిందా? మాత్ర ఇవ్వనా?” అన్నాను. డబ్బీ మూత అప్పటికే తీశాను.

“బిగుసుకోలేదు. నొప్పీ లేదు. మాట తెగింది. అందుకే ఆగాను.” తర్వాత గొంతు పెంచి, “ఏం కాలేదయ్యగారూ! ఆయాసం వచ్చింది, కూర్చున్నాను. మీరు పాడుకుంటూ వెళ్ళండి. నిలబడి చూడ్డానికి ఇక్కడేం లేదు” అన్నారు.

వెళ్ళారు. బృందంలో ఎవరో పాట అందుకున్నారు. శ్రుతి కిందికి జారింది, చరణాలు కలిసిపోయాయి. మామూలు రోజైతే ఆ శ్రుతికి ఆవిడ చెవులు మూసుకునేవారు. ఆవేళ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముక్కుతో నిదానంగా గాలి తీసుకుంటూ, ముందునించి వెళ్తున్న ఒక్కొక్కళ్ళనీ చూస్తూ కూర్చున్నారు. ఆవిడ చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళందరూ మట్టిలో కూర్చున్న ఆవిణ్ణి చూసుకుంటూ వెళ్ళారు.

ఊరేగింపు పైకెళ్ళిపోయింది. ఆవిడ ఊపిరి సర్దుకుంది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

“అంతమందిలో ఆగటానికి మీకు కష్టమనిపించలేదా అత్తయ్యా?” అన్నాను.

“సిగ్గేసింది. తల కొట్టేసినట్టయింది.” తోట వైపు తిరిగారు. “మీ మామయ్య నిద్రలో పోయారని అందరికీ చెప్తాను. నిజమే, రాత్రి నిద్రలోనే పోయారు. కానీ పొద్దుణ్ణించీ ఛాతీలో నొప్పి. కోత జరుగుతోంది, ఇంతమంది కూలీల ముందు కూర్చుంటే ఏం బాగుంటుందని సాయంత్రం దాకా చెట్టుకింద నిలబడే ఉన్నారు. ఇంటికొచ్చాక నాకొక్కదానికే చెప్పారు, సిగ్గుపడుతూ. నేనూ గ్యాసే అనుకున్నాను.”

ఇన్ని సాయంత్రాల నడకలో ఆ మాట ఒక్కటే ఆవిడ నోటంట రాలేదు. “ఇంటికి వెళ్దామా?” అన్నాను.

“ఇంటికేంటమ్మాయ్, ఆరాధన పైన జరుగుతుంటే! పద, మెల్లగా వెళ్దాం.”

గట్టు పట్టుకుని లేచారు. చీరకంటిన మట్టి దులుపుకోలేదు. పైన జనమంతా వెనక్కి తిరిగి మా వైపే చూస్తున్నారు. ఆవిడ కొన్ని అడుగులు వేశారు, ఆగారు. మళ్ళీ వేశారు, మళ్ళీ ఆగారు. ఆగిన ప్రతిసారీ దారి మధ్యలోనే, తలెత్తుకుని, అందరికీ కనిపించేలా ఆగారు.